స్టూలమ్మ తాళం

ఒక మధ్యాహ్నం స్టూలమ్మ ఏడంతస్తుల భవనం ఒకదానిలో లిఫ్టు శుభ్రం చేసి, చేతులు కడుక్కుని, ఖాళీ క్యారియర్ సంచిలో సర్దుకుని, బస్సెక్కి ఇంటికి వెళ్ళింది. పని చక్కగా జరిగింది. జిడ్డు తుడిచింది, నూనె వేసింది, చెత్త ఎత్తింది. మిగిలిపోయింది ఒక్కటే, లిఫ్టు మెయిన్ స్విచ్చికి వేసిన తాళం తీయడం. తాళంచెవి ఆవిడ మెడలో నైలాన్ తాడుకి వేలాడుతూ ఆవిడతోబాటే బస్సెక్కింది, అదీ టిక్కెట్టు లేకుండా.

ఆ సాయంత్రం ఆ భవనంలో చాలామంది తమ ఆరోగ్యం గురించి కొత్త సంగతులు తెలుసుకున్నారు. వకీలుగారు మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఇక స్వీట్లు మానేస్తానని ఎవరూ అడక్కుండానే ప్రకటించారు. ఎవరి ఇంటికో వచ్చిన కొత్త ఫ్రిజ్ రెండో అంతస్తుదాకా ఎక్కి అక్కడే కాపురం పెట్టింది. సరుకులకని కిందికి దిగిన ఒక పెద్దావిడ, మళ్ళీ ఎక్కే ఉద్దేశం లేక, కింది వాటా వాళ్ళింట్లోనే భోంచేసి కునుకు తీసింది.

ఆ తాళం అరచేతిలో ఇమిడేంత. సుత్తితో ఒక్కటేస్తే ఊడుతుంది. కానీ లిఫ్టుల వాళ్ళకి ఒక కట్టుబాటుంది. లిఫ్టు తిరిగే ఆ నిలువు చీకటి బావిలోకి, అంటే షాఫ్టులోకి, దిగేవాళ్ళు ముందు డాబా మీద యంత్రముండే పై గదిలో మెయిన్ స్విచ్చి ఆపి, దానికి తమ సొంత తాళం వేసుకోవాలి. తాళంచెవి ఒంటి మీదే ఉండాలి. వేసినవాళ్ళే తీయాలి. వేసిన మనిషిని కళ్ళారా చూసేదాకా ఆ తాళం మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నట్టే లెక్క.

అందుకే, కబురందుకుని వచ్చిన పెద్దమేస్త్రీ ఆ తాళాన్ని చూడగానే పాలిపోయాడు. స్టూలమ్మకి పని నేర్పుతున్నది ఆయనే. ఫోను చేస్తే ఎత్తలేదు. గబగబా మెట్లు దిగి, కింది తలుపు తెరిచి, టార్చి పట్టుకుని షాఫ్టు అడుగునున్న గొయ్యిలోకి వంగి, "అమ్మాయ్! లోపలున్నావా? పలకవే తల్లీ!" అని కేకలేశాడు. గొయ్యి ఆయన గొంతునే ఆయనకి తిరిగిచ్చింది.

ఆ సమయంలో స్టూలమ్మ ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తోంది. ఏడవడానికి వేరే కారణమేమీ లేదు.

పెద్దమేస్త్రీ గొయ్యిలో వెతికి, పైన వెతికి, చివరికి స్కూటరు మీద ఆవిడ ఇంటికొచ్చాడు. తలుపు తీసింది స్టూలమ్మే, కత్తిపీట పక్కన పెట్టి. ఆయన ఆవిడని తలనుంచి కాళ్ళదాకా చూశాడు. తిట్టలేదు. గుమ్మం మెట్టు మీద చతికిలబడి, "మంచినీళ్ళు" అన్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"ఏం కాలేదు. బతికే ఉన్నావుగా." చెంబెడు నీళ్ళూ తాగి లేచాడు. "మెడలో అదేంటో చూసుకో."

చూసుకుంది. చెయ్యి నోటి మీదికి పోయింది. తాడు తీసి ఇవ్వబోతే ఆయన పాము పడగ చూసినట్టు వెనక్కి జరిగాడు. "నాకివ్వకు. నువ్వేశావు, నువ్వొచ్చి తియ్యి."

ఇంటి చెప్పులతో, ఉల్లిపాయ చేతులతో వెళ్ళి తీసింది. భవనం మొత్తం మెట్ల మీద నిలబడి చూసింది. ఆ భవనం కమిటీ సెక్రటరీగారు, ఉద్యోగం నుంచి రిటైరైనా కేకలెయ్యడం మాత్రం మానని మనిషి, "ఈసారి మా లిఫ్టునే మెళ్ళో వేసుకుపోతుందేమో" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దమేస్త్రీ నవ్వలేదు. ఆయన ఎడమచేతికి మూడు వేళ్ళే. మిగతా రెండూ, ఒకప్పుడు ఎవరో 'లోపల ఎవరూ లేర్లే' అనుకుని స్విచ్చి వేసిన రోజున పోయాయి.

స్టూలమ్మ అన్నది అమ్మానాన్న పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా? ఆఫీసులుండే ఒక పాత భవనంలో, చేత్తో తిప్పే పిడి ఉన్న పాత లిఫ్టులో, ఎత్తు స్టూలు మీద కూర్చుని జనాన్ని పైకీ కిందికీ చేరవేసేది ఆవిడ ఉద్యోగం. "స్టూలమ్మా, నాలుగు!" అంటే నాలుగు. "స్టూలమ్మా, కిందికి!" అంటే కిందికి. పెళ్ళైన ఏడాదికి ఎక్కిన స్టూలు, కూతురు కాలేజీకొచ్చేదాకా దిగలేదు.

అంతకాలమూ ఆవిడ భయపడుతూనే కూర్చుంది. అసలు ఆవిడది భయపడే ఒళ్ళు. కుక్కరు విజిలేస్తే ఉలిక్కిపడుతుంది. టపాకాయ పేలితే అత్తగారి వెనక దాక్కుంటుంది. అత్తగారు ఆవిడ భుజం దాకా కూడా రాదు, అది వేరే సంగతి. లిఫ్టు ఎక్కడం దిగడం అలవాటైంది కానీ, తల పైన ఏముందో, కాళ్ళ కింద ఏముందో తెలియకపోవడం మాత్రం ఏనాడూ అలవాటు కాలేదు. పైన టకటకమంటే ఏమిటది? కింద గరగరమంటే ఎవరది?

ఒకరోజు లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల స్టూలమ్మ, ఒక బ్యాంకాయన, ఒక కొరియరు మనిషి. దీపం ఆరిపోయింది. బ్యాంకాయన తెలిసిన దేవుళ్ళందరినీ వరుసగా పిలిచి, తెలియనివాళ్ళని స్టూలమ్మని అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ స్టూలు కోళ్ళు పట్టుకుని బిగుసుకుపోయింది. అప్పుడు నెత్తి మీద రేకు తలుపొకటి తెరుచుకుంది. దాంట్లోంచి ఒక తల కిందికి వేలాడింది. ఆ తల తలకిందులుగా నవ్వి, "అందరూ క్షేమమేనా?" అంది. అదీ పెద్దమేస్త్రీతో పరిచయం.

ఇంటికెళ్ళాక ఆవిడ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. నా నెత్తి మీద ఒక తలుపుంది. ఇన్నేళ్ళూ దాని కింద కూర్చున్నాను, ఒక్కసారి చూడలేదు. ఆ మనిషికి పైనేముందో తెలుసు, అందుకే నవ్వగలిగాడు.

కొన్నాళ్ళకి పాత లిఫ్టు పోయి, మీటలు నొక్కే కొత్త లిఫ్టొచ్చింది. దానికి స్టూలక్కర్లేదు. మేనేజరు స్టూలుని స్టోర్లో పెట్టించి, స్టూలమ్మని ఇంటికి పొమ్మన్నాడు. ఆవిడ ఇంటికి పోకుండా కొత్త లిఫ్టు బిగిస్తున్న పెద్దమేస్త్రీ దగ్గరికి పోయింది.

"బాబాయ్, నాకీ పని నేర్పుతావా?"

ఆయన స్పానరు దించి చూశాడు. "భయం లేదా?"

"చచ్చేంత ఉంది."

"మరి?"

"చూడకుండా భయపడీ భయపడీ విసుగొచ్చింది. చూసి భయపడతాను."

ఇంట్లో ఈ సంగతి చెబితే పాలవ్యాను నడిపే మొగుడు గ్లాసు కింద పెట్టి, "నువ్వా? బల్లిని చూస్తే మంచమెక్కేదానివి!" అన్నాడు. అత్తగారు మాత్రం చాలాసేపు ఆలోచించి, "మంచమెక్కుతుంది కదరా, ఎక్కడం వచ్చన్నట్టేగా" అని తేల్చేసింది. కూతురు పడీ పడీ నవ్వి, ఆ నవ్వులోనే సాయంత్రం క్లాసుల్లో అమ్మ పేరు రాయించి వచ్చింది.

ఆ క్లాసుల్లో తన కూతురి ఈడు కుర్రాళ్ళ మధ్య కూర్చుని కరెంటు నేర్చుకుంది. వైరింగు బొమ్మలు మొదట్లో పిల్లలు గోడ మీద గీసిన గీతల్లా కనిపించేవి. ఒకసారి తప్పు తీగ కలిపి గది మొత్తం చీకటి చేసింది. "పిన్నిగారూ, ఇక ఇంటికి పోవచ్చా?" అన్నారు కుర్రాళ్ళు సంతోషంగా. పరీక్ష పోయింది. మళ్ళీ కట్టింది, గట్టెక్కింది. పెద్దమేస్త్రీ దగ్గర హెల్పరుగా చేరింది. పనంతా వచ్చింది. రానిదల్లా భయం పోవడమే.

సొంతంగా లిఫ్టులు చూసే మెకానిక్కు కావాలంటే కంపెనీ సూపర్‌వైజరు పెట్టే పరీక్ష ఒకటుంది. షాఫ్టులో ఒంటరిగా ఒక పని పూర్తి చేసి రావాలి. మొదటిసారి లిఫ్టు నెత్తి మీదెక్కి పనిచేయమన్నాడు. ఎక్కింది. పట్టుకోకూడని తాడుని కన్నతల్లిలా వాటేసుకుని వదల్లేదు. చీరకంటిన జిడ్డు ఇంకా పోలేదు. రెండోసారి గొయ్యిలోకి దిగమన్నాడు. దిగింది. తలెత్తి చూసింది. ఎంతో ఎత్తున, నల్లగా, చదరంగా లిఫ్టు అడుగుభాగం. అది తన మీదికే దిగుతున్నట్టనిపించింది. మరుక్షణం ఆవిడ పైన ఉంది. ఒక బూటు మాత్రం కిందే ఉండిపోయింది.

సూపర్‌వైజరు మాటలు పొదుపుగా వాడే మనిషి. "ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడు కూడా మధ్యలో వచ్చేస్తే స్టోర్లో కూర్చోండి. నట్లు, బోల్టులు అందించొచ్చు. కుర్చీ ఉంటుంది."

కుర్చీ. ఆ మాట స్టూలమ్మకి తిట్టు కంటే గట్టిగా తగిలింది. మళ్ళీ కూర్చోడమేనా? మళ్ళీ జీవితమంతా ఎవరో పైన చేసే చప్పుడు వింటూ?

మూడో పరీక్షకి సూపర్‌వైజరు వెతికి వెతికి, ఆవిడ తాళం మరిచిపోయిన ఆ ఏడంతస్తుల భవనాన్నే ఎంచాడు. గొయ్యిలో నీళ్ళు చేరి, అక్కడుండే ఆపు మీట తుప్పు పట్టిపోయింది. నొక్కినా లిఫ్టు ఆగడం లేదు. దాన్ని మార్చి రావాలి. "నేనూ పెద్దమేస్త్రీ ఎదురుగా టీకొట్లో ఉంటాం" అన్నాడు. "పక్కన మనిషుంటే అది మీ ధైర్యం కాదు."

వెళ్తూ వెళ్తూ పెద్దమేస్త్రీ ఒక్క మాటన్నాడు. "తాళంచెవి నీ మెళ్ళో ఉన్నంతసేపూ లిఫ్టుకి ప్రాణం లేదు. గుర్తుంచుకో తల్లీ."

స్టూలమ్మ పై గదికి ఎక్కింది. లిఫ్టుని పై అంతస్తులో ఆపి, మెయిన్ స్విచ్చి దించి, తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, తాళంచెవి మెడలో వేసుకుంది. మెట్లన్నీ దిగింది. కింది తలుపు ముందు 'పని జరుగుతోంది' అన్న పలక నిలబెట్టింది. ప్రత్యేకమైన తాళంచెవితో తలుపు తెరిచి, ఇనుప నిచ్చెన మీద కాలు పెట్టింది. ఎవరైనా నడుస్తూ నడుస్తూ లోపల పడకుండా తలుపు తన వెనకే మూసుకోవాలి. మూసుకుంది. వెలుతురు సన్నబడి, గీతై, పోయింది.

అడుగున చీలమండ దాకా నీళ్ళు. తుప్పు వాసన, పాత నూనె వాసన. ఎక్కడో చుక్క పడుతోంది. తలకి కట్టుకున్న దీపం గోడ మీద వణుకుతోంది. దీపం వణకదు కాబట్టి వణికేది తనే అని అర్థమైంది. తలెత్తకూడదనుకుంది. ఎత్తింది. అదే చదరం, నల్లగా.

'ప్రాణం లేదు దానికి' అనుకుంది. 'చెవి నా మెళ్ళో ఉంది.' తడిమి చూసుకుంది. ఉంది. తుప్పు డబ్బా ముందు గొంతుక్కూర్చుని స్క్రూడ్రైవరు తీసింది. మొదటి స్క్రూ కదలనంది. నూనె వేసి ఆగింది.

అప్పుడు పైనుంచి మాటలు వినిపించాయి.

పై గది నేలకి తాళ్ళు దిగడానికి కంతలుంటాయి. ఆ కంతల్లోంచి గదిలో మాట్లాడేది ప్రతి ముక్కా కిందికొస్తుంది, గొట్టంలో ఊదినట్టు. పైవాళ్ళకి ఆ సంగతి తెలియదు.

"ఇదిగో, చూశావా? మళ్ళీ తాళం!" సెక్రటరీగారి గొంతు. ఆయన ఉండేది ఆరో అంతస్తు. నేరుగా పైకెక్కాడు, కింద పెట్టిన పలక చూడలేదు. "మా ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మెట్ల మీద కూలబడింది. ఈ మహాతల్లి మళ్ళీ తాళం మెళ్ళో వేసుకుని ఇంటికి చెక్కేసింది."

"ఎవరైనా లోపలున్నారేమో సార్." ఇంకో గొంతు, డాబా మీద నీళ్ళ ట్యాంకు బాగుచేస్తున్న ప్లంబరుది.

"ఎవరూ లేర్లేవయ్యా! నాకు తెలియదా ఆవిడ సంగతి? నీ రంపం పట్రా, కోసెయ్."

స్టూలమ్మ నోరు తెరిచింది. కేక వేయాలి. "సార్" అనాలి. గొంతులోంచి వచ్చింది పిల్లిపిల్ల కూత లాంటిది, అది నీళ్ళు కూడా దాటలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి అదీ రాలేదు.

గర్... గర్... గర్...

రంపం చప్పుడు షాఫ్టంతా నిండింది. గోడల్లోంచి వస్తోంది, నీళ్ళలోంచి వస్తోంది, ఆవిడ పళ్ళలోంచి వస్తోంది. ఎదురుగా ఆపు మీట. అలవాటు కొద్దీ చెయ్యి దాని మీదికి పోయింది. నొక్కింది. నొక్కాక గుర్తొచ్చింది, అది పనిచేయదని. అది పనిచేయకపోబట్టే కదా తనిక్కడున్నది!

పెద్దమేస్త్రీ మూడు వేళ్ళు కళ్ళ ముందు ఆడాయి. ఆ వెనకే ఉల్లిపాయలు, బస్సు, మెట్ల మీద జనం నవ్వు. తను మరిచిపోయిన తాళమే ఇప్పుడు పైన కోయించుకుంటోంది. ఆనాడు లోపల లేకుండా తాళం వేసుంచింది. ఈనాడు లోపలుంటే నమ్మేవాడు లేడు.

కాళ్ళు వాటంతటవే నిచ్చెనెక్కాయి. తలుపు గొళ్ళెం చేతికందింది. నొక్కింది. వెలుతురు గీత తిరిగి వచ్చింది. ఇంకొంచెం తోస్తే బయట. గాలి, ఎండ, మనుషులు, టీకొట్టు. ఆ తర్వాత స్టోరు. కుర్చీ.

ఆవిడ అక్కడే, గీతంత వెలుతుర్లో ఆగిపోయింది.

ఎందుకంటే స్టూలు మీద కూర్చున్న అన్నేళ్ళలో ఆవిడకి ఒళ్ళంతా ఇంకిపోయిన సంగతి ఒకటుంది. ఎవరైనా పరుగెత్తుకొచ్చి మూసుకుంటున్న తలుపులో కాలు పెడితే చాలు, లిఫ్టు కదలదు. పిడి ఎంత తిప్పినా కదలదు. అంతస్తుల్లో ఏ తలుపు బెత్తెడు తెరిచున్నా లిఫ్టు మొండికేస్తుంది. కాలు పెట్టినవాళ్ళని ఆవిడ ఎన్ని తిట్లు తిట్టిందో!

నిచ్చెన మీద ఒంటికాలితో నిలబడి బూటు విప్పింది. వేళ్ళకి లేసు ముడి దొరకలేదు. లాగింది. ఊడింది. బూటుని తలుపు సందులో అడ్డంగా కుక్కింది. తలుపు దాన్ని నొక్కి, బెత్తెడు దగ్గర ఆగిపోయింది. మనిషి పట్టదు, పిల్ల పట్టదు. లిఫ్టు మాత్రం కదలదు. తాళం తెగినా కదలదు.

మళ్ళీ కిందికి దిగింది. ఒక కాలికి బూటు, ఒక కాలికి తడిసిన మేజోడు. ఏడుస్తోంది, ఉల్లిపాయలు లేకుండానే. పెద్ద స్పానరు తీసుకుని, లిఫ్టుని నిలువునా నడిపించే ఇనుప పట్టాని బలంకొద్దీ కొట్టింది. ఠంగ్! ఆ మోత పట్టా వెంట పాకుతూ ఏడంతస్తులూ ఎక్కింది. ఠంగ్! ఠంగ్!

రంపం ఆగింది.

"సార్, కింద ఏదో మోగుతోంది."

"పాత లిఫ్టయ్యా. మోగక పాడుతుందా? కానివ్వు."

ఠంగ్! ఠంగ్! ఠంగ్!

"ఇది లిఫ్టు మోత కాదు సార్. ఎవరో కొడుతున్నారు." ప్లంబరు రంపం నేల మీద పడేసిన చప్పుడైంది. "నేను కొయ్యను. మీకంత అవసరమైతే ఇదిగో రంపం, మీరే కోసుకోండి."

సెక్రటరీగారికి అంత అవసరం లేకపోయింది. పైనుంచి చెప్పుల చప్పుడు, గబగబా మెట్లు దిగుతూ.

స్టూలమ్మ స్పానరు పక్కన పెట్టింది. ఇప్పుడు బయటికి పోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆవిడ తుప్పు డబ్బా వైపు చూసింది. నూనె పీల్చుకున్న స్క్రూ ఈసారి మెల్లగా తిరిగింది. రెండో స్క్రూ చేజారి నీళ్ళలో పడింది. తడిమి తీసింది. పాత మీట విప్పింది, కొత్తది బిగించింది, తీగలు కలిపింది, లాగి చూసింది. మధ్యమధ్యలో తలెత్తి పైకి చూసింది. చూసిన ప్రతిసారీ భయమేసింది. భయమేసిన ప్రతిసారీ మళ్ళీ తల దించి పని చూసుకుంది.

నిచ్చెనెక్కి తలుపు తెరిచేసరికి ఎదురుగా పెద్దమేస్త్రీ. పట్టా మోత టీకొట్టు దాకా వినిపించింది కాబోలు, చేతిలో టీగ్లాసు అలాగే ఉంది, టీ మాత్రం చొక్కా మీద ఉంది. తలుపు సందులో నలిగిన బూటుని చూశాడు. వంగి దాన్ని తీసి, నేలకి కొట్టి మట్టి దులిపి, ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు.

"వేసుకో తల్లీ. పైకెళ్ళి తాళం తియ్యాలి."

వెనకే వచ్చిన సూపర్‌వైజరుతో కలిసి అందరూ మెట్లెక్కారు. దారిలో సెక్రటరీగారి భార్య గోడకి చేరబడి కూర్చునుంది. స్టూలమ్మ ఆగి, "రెండు నిమిషాలు పిన్నీ, లిఫ్టొచ్చేస్తుంది" అంది. సెక్రటరీగారు భార్య పక్కనే నిలబడి, స్టూలమ్మ నలిగిన బూటు వైపు చూసి, చప్పున చూపు తిప్పేసుకుని వెనకే వచ్చాడు.

పై గదిలో తాళం సగానికి పైగా తెగి వేలాడుతోంది. సూపర్‌వైజరు దాన్ని చూశాడు. కొత్త మీట పరీక్షించడానికి వచ్చిన దారినే కిందికి వెళ్ళాడు. స్టూలమ్మ మెడలోంచి చెవి తీసి, ఆ సగం తాళాన్ని కట్టుబాటు ప్రకారమే తెరిచింది, పగలగొట్టకుండా. స్విచ్చి వేసింది. యంత్రం గురకపెట్టి లేచింది. కాసేపటికి పెద్దమేస్త్రీ ఫోను మోగింది. గొయ్యి దగ్గర్నుంచి సూపర్‌వైజరు.

"కొత్త మీట నొక్కాను. ఆగింది. వదిలాను. నడిచింది." కాస్త ఆగి, "రేపట్నుంచి ఆవిడకి సొంతంగా లిఫ్టులివ్వండి. కొత్త తాళం కూడా" అన్నాడు. ఆ మనిషి అన్ని మాటలు ఒక్కసారి వాడటం పెద్దమేస్త్రీ వినడం అదే మొదటిసారి.

స్టూలమ్మ గోడకి ఆనుకుంది. ఈ భయం ఇక పోదు కాబోలు, రేపు కూడా క్యారియరుతోబాటు సంచిలో పెట్టుకుని రావలసిందే అనుకుంది.

సెక్రటరీగారికి లిఫ్టు కదిలిన చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకున్నాడు.

"అది సరేనమ్మా, జరిగిందేదో జరిగింది. కానీ మా ఆవిడ పొద్దుటి నుంచి మెట్ల మీదే కూర్చుంది. వచ్చినప్పుడల్లా నువ్విలా తాళం వేసుకుంటే మేమెలా చావాలి? అసలు ఎంతసేపుంచుతావు తల్లీ, ఆ తాళం?"

"నేను లోపలున్నంతసేపూనండీ."